ఎడమచేతి దీవెన

తొమ్మిది రోజుల జపమాల ప్రార్థనలు ఆఖరి రోజున ముగిసి, చిన్నవాళ్లంతా వరసగా పెద్దవాళ్ల ముందు వంగుతున్న వేళ డెల్ఫీనా కంట ఒక సంగతి పడింది. ఎంగ్రాసియా పెద్దమ్మ ఎడమచెయ్యి చాచింది. దీవి దక్షిణపు ఒడ్డున ఉన్న ఉమాటక్‌లో పుట్టినవాళ్లెవరూ ఆ పని చెయ్యరు. చిన్నవాళ్లు వంగితే పెద్దవాళ్లు కుడిచెయ్యి ఇస్తారు. చిన్నవాళ్లు దాన్ని ముక్కు దాకా తీసుకుని వాసన చూస్తారు. "దేవుడు నీకు తోడు" అని పెద్దవాళ్లు దీవిస్తారు. అరవై నాలుగేళ్లుగా ఆ పద్ధతిలో వెంట్రుకవాసి తేడా రానివ్వదని పేరున్న మనిషి, కుడిచెయ్యి జపమాల సంచి కింద దాచుకుని, ఊరందరి ముందూ ఎడమచేత్తో దీవెనలు పంచింది.

ఆ చెయ్యి ఎందుకు దాచిందో డెల్ఫీనాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో దాచుకునేది ఒక్కటే, లితికో. కండ కరిగి, చేతులూ కాళ్లూ చచ్చుబడి, మాట పడిపోయి, చివరికి గుక్కెడు నీళ్లు కూడా మింగలేక మనిషి పోయే జబ్బు. పెద్దమ్మ భర్తను, ఆయన అక్కను, ఆయన తమ్ముణ్ణి అదే మింగింది. ముగ్గురికీ పెద్దమ్మే చేసింది. పద్దెనిమిదేళ్ల క్రితం డెల్ఫీనా తల్లి రోసాలియా పోవడానికి కూడా అదే కారణమని ఊరంతా అంటుంది. అప్పటికి డెల్ఫీనాకు పదహారేళ్లు. అప్పటి నుంచీ అమ్మా నాన్నా అన్నీ పెద్దమ్మే. ఇప్పుడు ఆమె కూడా వెళ్లిపోతే ఈ దీవి మీద డెల్ఫీనాకు తనదనే మనిషి మిగలదు.

నాలుగు రోజులు తిండి సయించలేదు. ఐదో రోజు మధ్యాహ్నం తను పనిచేసే ఆసుపత్రిలో సెలవు అడిగి, నరాల పరీక్ష యంత్రాన్ని కారులో వేసుకుని దక్షిణానికి బయల్దేరింది. హొనొలులులో రెండేళ్లు నేర్చుకున్న విద్య అది. ఊళ్లోవాళ్ల మీద ఎన్నిసార్లో ప్రయోగించింది కానీ, సొంత ఇంట్లో ఆ పెట్టె మూత తీయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. వంతెన దాటాక, ఊరంతా గౌరవంగా తున్ అని పిలిచే సిల్వెస్ట్రె ఇల్లు వచ్చింది. ఒకప్పుడు ఊళ్లో మగపిల్లలందరికీ వల విసరడం నేర్పిన పెద్దాయన. లితికో వచ్చి మూడేళ్లుగా మంచంలో ఉన్నాడు, డాక్టర్ల మొహం చూడనని భీష్మించాడు. కిటికీకి తెర వేసి ఉంది. డెల్ఫీనా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని ముందుకు పోయింది.

పెద్దమ్మ వంటపాక ముందు పొడవాటి బల్ల మీద కూర్చుని ఉంది. ఒడిలో కొత్త విసురు వల. పక్కన రేకు డబ్బాలో వల అంచుకు బరువు కోసం తగిలించే సీసపు గుళ్లు. ఆమె కట్టిన వల విసిరితే పళ్లెంలా విచ్చుకుని పడుతుందని చుట్టుపక్కల ఊళ్లలో కూడా చెప్పుకుంటారు. చీలిక పెట్టిన గుండొకటి తీసి, అంచు తాడుకు తగిలించి, నోట్లో పెట్టుకుని, దవడపళ్ల మధ్య కటుక్కున నొక్కి వలను ముందుకు జరుపుతోంది. పనంతా ఎడమచేత్తోనే. కుడిచెయ్యి వల మడతల్లో ఎక్కడో ఉంది.

"ఏమే, పనిరోజున ఊడిపడ్డావు? ఉద్యోగం పీకేశారా?" అంది, నోట్లో ఇంకో గుండు ఉండగానే.

"నీ చేతివంట తినాలనిపించింది."

"సీమపనస ఉడుకుతోంది, కొబ్బరిపాలు నువ్వే పిండుకో. ఆ పెట్టేంటి, శవపేటిక పిల్లలా ఉంది?"

"నరాల యంత్రం."

"ఓసినీ! శవపేటికైనా నయమే, లోపలికి తెమ్మనేదాన్ని. దాన్ని మాత్రం తిరిగి కారులో పెట్టెయ్."

యంత్రాలంటే పెద్దమ్మకు మంట. భర్త మంచాన ఉన్నప్పుడు సముద్రం అవతలి నుంచి డాక్టర్లు గుంపులుగా వచ్చారు. నాలుక చాపించారు, సూదులు గుచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. వచ్చిన ప్రతివాడూ జబ్బు పేరు చెప్పి వెళ్లాడే తప్ప మందు పేరు చెప్పినవాడు లేడు. మనిషి పోయాక ఒకసారి మళ్లీ వచ్చి, మెదడు ఇస్తారా అని అడిగారు. ఆ రోజు పెద్దమ్మ చీపురు తిరగేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

డెల్ఫీనా పెట్టె కింద పెట్టి, ఆమె ముందు వంగింది. పెద్దమ్మ ఎడమచెయ్యి చాచింది. డెల్ఫీనా అందుకోలేదు. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"అందుకోవే."

"కుడిచెయ్యి ఇవ్వు పెద్దమ్మా."

"అది ఖాళీగా లేదు, వల పట్టుకుంది."

"వల పక్కన పెట్టు."

"నడుం పట్టేస్తుంది, లే."

"పట్టెయ్యనీ. నువ్విచ్చేదాకా లేవను."

ఈ కొన్నేళ్లుగా డెల్ఫీనా వచ్చినప్పుడల్లా పెద్దమ్మ పిండి చేతులతోనో, చేపల చేతులతోనో ఎదురయ్యేది. 'చెయ్యి మురికే, నుదురిలా తే' అని ముద్దు పెట్టి సరిపెట్టేది. ఆ మురికి వెనక కథ డెల్ఫీనాకు ఇప్పుడు అర్థమవుతోంది. అయితే తన ముందు వంగిన బిడ్డకు చెయ్యి ఇవ్వకపోవడం అక్కడ శాపం పెట్టడంతో సమానం. పగవాడి కొడుకు వంగినా ఇవ్వాల్సిందే. అది తెలిసే డెల్ఫీనా వంగింది. ఇద్దరూ ఒకే ఇంటి మొండివాళ్లు. డెల్ఫీనా నడుం నిజంగానే పట్టేసింది.

"రాక్షసి పిండమా!" అని తిట్టి, పెద్దమ్మ వల మడతల్లోంచి కుడిచెయ్యి బయటికి తీసింది.

భుజం లేచింది, మోచెయ్యి లేచింది. మణికట్టు దగ్గర మాత్రం చెయ్యి తీగ మీద ఆరేసిన తడిబట్టలా వేలాడిపోయింది. వేళ్లు చాచబోతే చాచుకోలేదు. డెల్ఫీనా దాన్ని రెండు చేతులా పట్టుకుని ముక్కుకు ఆనించుకుంది. తమలపాకు, సున్నం, పొయ్యి పొగ, వాటి కింద ఏదో లోహపు వాసన. చిన్నప్పటి నుంచీ ఎరిగిన వాసనే. అమ్మ చేతికి కూడా అదే ఉండేది. డెల్ఫీనాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"దేవుడు నీకు తోడు" అంది పెద్దమ్మ. "చూశావుగా. ఇక వెళ్లు."

డెల్ఫీనా వెళ్లలేదు. చేతిని వదల్లేదు కూడా. ఏడుస్తున్న కళ్లతోనే ఆ చేతిని చూడసాగింది. చూస్తున్నకొద్దీ ఆమె నుదుటి మీద గీత పడింది.

లితికో చేతులు ఆమె ఎన్నో చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ముందు కరిగి, అక్కడ గుంట పడుతుంది. చర్మం కింద కండ దానంతటది అదురుతుంటుంది. ఎండిపోయిన చెయ్యైనా సరే, మోచేతి దగ్గర చిన్న సుత్తితో తడితే ఎగిరిపడుతుంది. ఈ చేతికి గుంట లేదు. అదురు లేదు. చిన్న సుత్తి తీసి తట్టినా పలకనే లేదు. మణికట్టు కింద తన చెయ్యి ఆనించి బిగించమంటే, పిడికిలి గట్టిగానే బిగిసింది. కిందికి వంచడానికి బలముంది, పైకి ఎత్తడానికే లేదు.

"నాలుక చాపు."

తాంబూలంతో ఎర్రబడిన నాలుక నిమ్మళంగా నిలబడింది, ఎక్కడా వణుకు లేదు. అరికాలు గీరితే కాలివేళ్లు కిందికే ముడుచుకున్నాయి. లితికో అయితే బొటనవేలు పైకి లేచేది.

"చక్కిలిగిలి పెట్టడానికా ఇంత దూరం వచ్చావు?"

"ఊరుకో పెద్దమ్మా. సూది పెడతాను, కొంచెం చురుక్కుమంటుంది."

ఎందుకో పెద్దమ్మ ఈసారి కాదనలేదు. చెయ్యి ఇచ్చేశాక ఇంక దాచడానికి ఏముంది అనుకుందేమో. డెల్ఫీనా పెట్టె తెరిచి, తీగల బిళ్లలు అంటించి, ఒక్కో నరానికీ కరెంటు తాకించింది. వేళ్లలో స్పర్శ తెలిపే నరాలు చక్కగా పలికాయి. మణికట్టును ఎత్తే నరం ఒక్కటే నీరసంగా, ఆలస్యంగా పలికింది. తర్వాత సన్నటి సూదిని కండలో దింపి, యంత్రం చేసే చప్పుడు వింది. నరం దెబ్బతిన్న కండ ఊరికే ఉండదు, రేకు కప్పు మీద చినుకులు పడుతున్నట్టు టపటపమంటుంది. లితికో అయితే ఆ చినుకులు కాళ్లలోనూ వీపులోనూ కూడా వినిపించాలి. కాళ్లలో లేవు, వీపులో లేవు. ముంజేతి వెనక మాత్రమే కురిశాయి.

"అదేం చప్పుడే?" పెద్దమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"నీ కండ చప్పుడు."

"కాదు. ఆ చప్పుడు నాకు రోజూ వినిపిస్తుంది. పొద్దు వాలేసరికి బల్ల ఆ చివర, గుళ్లు కదిలినట్టు. రోసాలియా కూర్చునేది అక్కడే." గొంతు తగ్గించి అంది. "దానికి నా మీద కోపం తీరలేదు. నా మణికట్టు పట్టుకుని కిందికి లాగుతోంది. అన్న మాట వెనక్కి తీసుకోమని."

"ఏ మాట?"

పెద్దమ్మ వల మడతలు సర్దుకుంది. డెల్ఫీనా బల్ల ఆ చివర వైపు చూసింది. ఖాళీ చెక్క, అంతే. అయినా అటు వీపు పెట్టి కూర్చోబుద్ధి కాక కొంచెం జరిగింది.

"ఈ చెయ్యి పడి ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు."

"ఆరేళ్లా! ఆరేళ్లు నాకు చెప్పకుండా..." డెల్ఫీనా మనసులో లెక్క వేసింది. ఆరేళ్లంటే లితికో మనిషిని పూర్తిగా తినేసి ఉండాలి. ఒక్క మణికట్టు దగ్గర కూర్చుని కాలక్షేపం చెయ్యదు. "మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్న కాబట్టి అడిగింది గానీ, జవాబు తెలుసనే అనుకుంది. లితికో ఎప్పుడూ వెనక్కి నడవదు.

"తగ్గింది. తుఫాను ఏడు."

"ఏమన్నావు?"

"తుఫానుకు ఈ పాక ఎగిరిపోలేదూ? సీసం కరిగించే పొయ్యి పోయింది, దారం దొరకలేదు. ఎనిమిది నెలలు వల ముట్టుకోలేదు. క్రిస్మస్ నాటికి ఈ చేత్తోనే గ్లాసు ఎత్తాను. మేరీమాత దయ అనుకున్నా. తర్వాత పాక కట్టుకున్నాం, పనిలో పడ్డాను, మళ్లీ వాలిపోయింది."

చెబుతూ చెబుతూ అలవాటు కొద్దీ ఎడమచేత్తో గుండొకటి తీసి నోట్లో పెట్టుకుంది. కటుక్.

డెల్ఫీనా చూపు ఆ నోటి మీద ఆగింది. వచ్చిన దగ్గర్నుంచీ కళ్లెదుటే ఉంది. వచ్చిన దగ్గర్నుంచేమిటి, పుట్టిన దగ్గర్నుంచీ కళ్లెదుటే ఉంది.

"ఉమ్మెయ్!" అని అరిచింది. "పెద్దమ్మా, నోట్లోది ఉమ్మెయ్!"

"పిచ్చి పట్టిందా?"

"నోరు తెరువు. సీసం ఎక్కడిది?"

"పాత కారు బ్యాటరీలది. మా నాన్న రోజుల్లో అడవిలో యుద్ధం నాటి తూటాలు ఏరి కరిగించేవాళ్లం. ఇప్పుడవెక్కడివి?"

"కడుపులో నొప్పి వస్తుంటుందా?"

"మెలిపెట్టేస్తుంది. ఉపవాసాల వల్ల అనుకుంటా. నీకెవరు చెప్పారు?"

డెల్ఫీనా తడిబట్టతో ఆమె చిగుళ్లు రుద్దింది. ఏళ్ల తరబడి పేరుకున్న తాంబూలపు ఎరుపు కాస్త వదిలింది. పళ్ల మొదట్లో, చిగురు అంచు వెంట, పెన్సిలుతో గీసినట్టు నల్లనీలం గీత బయటపడింది. ఇన్నాళ్లూ ఆ గీతను వక్కాకులు కప్పేశాయి.

"పెద్దమ్మా, రక్తం పరీక్ష చెయ్యకుండా గట్టిగా అనకూడదు. అయినా అంటున్నాను. ఇది లితికో కాదు! సీసం. ఆ పొగ పీల్చి, గుళ్లు కొరికి, ఒంట్లో చేరిన సీసం ఆ ఒక్క నరాన్ని పట్టుకుంది. నువ్వు పని మానెయ్, నేను మందు ఇప్పిస్తాను. తుఫాను ఏడు లేచినట్టే చెయ్యి మళ్లీ లేస్తుంది. నువ్వు పోవడం లేదు పెద్దమ్మా, ఎక్కడికీ పోవడం లేదు!"

ఏడుస్తూ, నవ్వుతూ ఆమె మెడ కావలించుకుంది. పెద్దమ్మ ఒళ్లు కొయ్యబారి ఉంది.

"కాదు. లితికోనే" అంది.

"కాదంటున్నాగా."

"తప్పు చూశావు. మళ్లీ పెట్టు ఆ సూది."

"జబ్బు లేదంటే ఏడ్చే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను."

"లితికోనే అని చెప్పవే. నీకు పుణ్యముంటుంది, అలా చెప్పవే!" పెద్దమ్మ ఎడమచేత్తో ఆమె భుజం పట్టుకుని ఊపేసింది. "మీ అమ్మ చెయ్యి ఇలాగే ఉండేది. అచ్చం ఇలాగే."

డెల్ఫీనా చేతులు మెల్లగా జారిపోయాయి.

ముగ్గురికి సేవ చేసిన మనిషి కదా, లితికో విషయంలో ఊళ్లో ఎంగ్రాసియా మాటకు తిరుగులేదు. ఎవరికైనా చెయ్యి బరువనిపిస్తే, వచ్చి ఆమె చేతిలో పెట్టేవాళ్లు. ఆమె కాసేపు పట్టుకుని, అవునో కాదో చెప్పేది. ఆసుపత్రికి వెళ్లినా వినేది ఆ పేరే అయినప్పుడు, తెలిసిన మనిషి నోట వినడమే మేలనుకునేవాళ్లు. చెయ్యి పడితే అది ఇంకేదో అయి ఉండవచ్చన్న ఆలోచన ఆ ఊళ్లో ఎవరికీ వచ్చేది కాదు.

"రోసాలియా నాకంటే వేగంగా కొరికేది గుళ్లు" అంది పెద్దమ్మ, ఖాళీ చెక్క వైపు చూస్తూ. "నీకు పదేళ్లప్పుడు దాని చెయ్యి పడింది. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ పడేది. నీ దగ్గర దాచింది. ఆరేళ్ల తర్వాత ఒకరోజు పొద్దున నా చేతిలో చెయ్యి పెట్టి, 'అక్కా, నిజం చెప్పు' అంది. చెప్పాను."

"ఏమని?"

"లితికో అని. మా ఆయనకు ఎలా మొదలై ఎలా అయిందో అంతా చెప్పాను. దాచి మోసం చెయ్యకూడదనుకున్నా. ఆ మధ్యాహ్నమే సముద్రం ఆటు చూసుకుని పగడపు రాళ్ల వైపు వెళ్లింది."

అక్కడి నుంచి రోసాలియా తిరిగి రాలేదు. చేతికి పట్టు లేక రాయి జారవిడిచిందని, అలకు చిక్కిందని ఊరంతా అన్నారు. ఆమె జారిందో, జారనిచ్చిందో సముద్రానికే తెలియాలి. పద్దెనిమిదేళ్లుగా అమ్మను లితికో తీసుకుపోయిందనుకుని, ఆ జబ్బు మీద కసితోనే డెల్ఫీనా ఈ విద్య నేర్చుకుంది. ఇప్పుడు పెద్దమ్మ మీద అసహ్యం వేసింది. పెంచిన మనిషి మీద అసహ్యం వేసినందుకు సిగ్గు వేసింది. రెండింటిలో ఏదీ తగ్గలేదు.

"నాది లితికో అయితే నేను దానికి చెప్పింది నిజమే. కాదంటే..." పెద్దమ్మ పూర్తి చెయ్యలేకపోయింది. "ఒక్క అబద్ధం ఆడు తల్లీ. ఇంకెన్నేళ్లు బతుకుతాను?"

అబద్ధం ఆడటం చాలా తేలిక. తల ఊపితే చాలు. కానీ తల ఊపితే పెద్దమ్మ ఈ డబ్బా వదలదు. కళ్లముందే గుండు గుండుగా చస్తుంది.

"ఆడలేను" అంది డెల్ఫీనా. "నువ్వు అమ్మకు చెప్పింది తప్పు. నేను నీకు చెప్పేది నిజం. రెండూ మొయ్యి, నేనూ మోస్తాను."

లేచి, ఆ డబ్బాను సముద్రంలో పారేద్దామని విసురుగా ఎత్తింది. బరువుంటుందనుకుంటే తేలిగ్గా చేతికొచ్చింది. అడుగున నాలుగు గుళ్లు దొర్లాయి. పక్కనే సీసం కరిగించిన పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది, అచ్చులన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఇంత కరిగించావు, మిగతా గుళ్లేవి?"

పెద్దమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సిల్వెస్ట్రెకు ఇచ్చాను."

"మంచంలో ఉన్నాయనకు గుళ్లెందుకు?"

"పని లేకపోతే మనిషి ఏమైపోతాడే? ఊసుపోతుందని ప్రతివారం నేనే తీసుకెళ్లి ఇస్తాను."

వంతెన పక్క ఇల్లు, తెర వేసిన కిటికీ డెల్ఫీనా కళ్ల ముందు నిలిచాయి. "పెద్దమ్మా, ఆయన డాక్టర్‌కి చూపించుకోలేదు. ఆయనకు లితికో అని చెప్పిందెవరు?"

పెద్దమ్మ ఒడిలో వాలి ఉన్న తన కుడిచేతిని చూసుకుంది.

"చేతులు రెండూ లేవవు ఆయనకు" అంది. "కూతురు తాడు అందిస్తుంది, అన్నీ నోటితోనే కొరుకుతాడు. పొద్దున డబ్బా నిండా ఇచ్చి వచ్చాను. సాయంత్రంలోగా అవగొడతానన్నాడు."